ఇంధనం కోసం పరాయి అంతర్యుద్ధంలోకి సైన్యాన్ని పంపరాదని వాదించడం ఎలా

ఒక దేశంలో అంతర్యుద్ధం సాగుతోంది. ఆ దేశంలో చమురో సహజవాయువో ఉంది, లేదా వాటిని మోసుకెళ్లే పైపులైను ఆ నేల మీదుగా పోతోంది. అక్కడికి సైన్యాన్ని పంపాలని మరొక దేశపు ప్రభుత్వం ప్రతిపాదించింది. దానిని వ్యతిరేకిస్తూ సభలోనో, పత్రికలోనో, చట్టసభ సభ్యునికి రాసే లేఖలోనో వాదించవలసిన పని మీ మీద పడింది. ఇటువంటి సందర్భంలో చాలామంది నోట మొదట వచ్చే వాక్యం "ఇదంతా చమురు కోసమే" అన్నది. ఆ వాక్యానికి చప్పట్లు పడతాయి. ఇల్లు కాలి ఒకడు ఏడుస్తుంటే చుట్టకు నిప్పు అడిగినట్లుందన్న సామెతను జోడిస్తే మరికాస్త గట్టిగా పడతాయి. అయితే అవతలి పక్షంలోని అనుభవజ్ఞుడు లేచి, "అవును, చమురు కోసమే. అది రాకపోతే ఆసుపత్రులు, రైళ్లు, ఎరువుల కర్మాగారాలు ఎలా నడుస్తాయో మీరే చెప్పండి" అని అడిగితే, అంతవరకు ఉద్దేశం మీదనే కట్టిన వాదన నిలువునా కూలిపోతుంది. నేను విన్న చర్చల్లో ఈ పక్షం ఓడిపోయింది ఎక్కువగా ఇక్కడే.

కాబట్టి ఇంధన ప్రయోజనం ఉందని మొదటే ఒప్పుకోండి. అది న్యాయమైన ప్రయోజనమే కావచ్చునని కూడా ఒప్పుకోండి. తరువాత, ఆ ప్రయోజనాన్ని నెరవేర్చడానికి యుద్ధం పనికివచ్చే సాధనమేనా అన్న ఒక్క ప్రశ్న మీద నిలబడండి. ఈ మార్గదర్శిలో చెప్పబోయే పద్ధతి అంతా ఆ ప్రశ్న చుట్టూ అల్లినదే.

ప్రతిపాదనను ముందు సొంత మాటల్లో రాసుకోవడం

"సైనిక జోక్యం" అన్న ఒక్క మాట కింద ఒకదానితో ఒకటి పోలికలేని పనులు దాగి ఉంటాయి. గుర్తింపు పొందిన ప్రభుత్వం పిలిస్తే వెళ్లడం ఒకటి, తిరుగుబాటుదారులకు ఆకాశం నుంచి అండగా నిలవడం మరొకటి, ఒక గ్యాస్ కర్మాగారం చుట్టూ కాపలా కాయడం ఇంకొకటి. ఏది ప్రతిపాదించారో తేల్చుకోకుండా వాదనకు దిగితే, మీరు ఒకదాన్ని ఖండిస్తుంటే ప్రత్యర్థి వేరొకదాన్ని సమర్థిస్తూ ఉంటారు. ఎవరు పిలిచారు, ఎవరు అనుమతి ఇచ్చారు, సైనికులు ఏ చోట నిలబడతారు, ఏ పని పూర్తయితే తిరిగి వస్తారు అన్న నాలుగు ప్రశ్నలకు ప్రభుత్వ పత్రాల్లో ఉన్న జవాబులను ఒక పేరాలో రాసుకోండి. నాలుగవ దానికి చాలాసార్లు జవాబే ఉండదు, ఆ ఖాళీ మీ వాదనకు అక్కరకు వస్తుంది.

లిబియానే తీసుకుంటే, అక్కడ పదేళ్ల లోపు రెండు వేర్వేరు తరహా జోక్యాలు జరిగాయి. 2011 మార్చి 17న ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి 1973వ తీర్మానాన్ని ఆమోదించింది. పది దేశాలు అనుకూలంగా ఓటు వేయగా బ్రెజిల్, చైనా, జర్మనీ, భారత్, రష్యా ఓటింగుకు దూరంగా ఉన్నాయి. పౌరుల రక్షణకు అవసరమైన చర్యలు తీసుకోవచ్చునన్నది ఆ తీర్మానం ఇచ్చిన అధికారం. అక్టోబరు 20న లిబియా పాలకుడు గడాఫీ హతుడయ్యే నాటికి ఆ పని ప్రభుత్వాన్ని కూల్చడంగా మారిపోయింది. రెండవ జోక్యం ఇందుకు పూర్తిగా భిన్నమైనది. 2019 నవంబరు 27న ట్రిపోలీలోని ప్రభుత్వంతో టర్కీ ఒకేసారి రెండు ఒప్పందాలు చేసుకుంది. వాటిలో ఒకటి సైనిక సహకారానికి, మరొకటి గ్యాస్ నిక్షేపాలు బయటపడిన తూర్పు మధ్యధరాలో సముద్ర సరిహద్దుకు సంబంధించినవి. 2020 జనవరి 2న సైన్యాన్ని పంపడానికి టర్కీ పార్లమెంటు 325–184 ఓట్లతో అనుమతి ఇచ్చింది. పిలిచింది ఐక్యరాజ్యసమితి గుర్తించిన ప్రభుత్వమే కనుక, ఇక్కడ "దండయాత్ర" అన్న మాట వాడితే చర్చ అక్కడే ముగిసిపోతుంది. అడగవలసిన ప్రశ్న వేరు. సముద్ర సరిహద్దు గీత, సైనిక సాయం ఒకే రోజు సంతకానికి వచ్చాయంటే, ఆ గీతను కాపాడుకోవడానికి ఒక పక్షం గెలుపు మీద పందెం కాసినట్లే కదా? ఆ పక్షం ఓడితే గీత ఏమవుతుంది?

పూర్వపక్షాన్ని నిజాయితీగా నిలబెట్టడం

మన తర్కసంప్రదాయంలో ఎదుటివారి వాదాన్ని వారికన్నా బాగా చెప్పి, ఆ తరువాతే ఖండనకు దిగేవారు. ఈ విషయంలో ఆ పద్ధతిని మించినది లేదు. ఇంధన భద్రత వాదాన్ని దాని అత్యంత బలమైన రూపంలో రాసి చూడండి. ప్రపంచ చమురు ధర అంతా ఒకే సంతలో తేలుతుంది. ఎక్కడో ఒకచోట ఎగుమతి ఆగితే ఆ దేశపు చమురు ఒక్క చుక్క కూడా కొననివారికీ ధర పెరుగుతుంది. ఆ పెరుగుదల ముందుగా తాకేది పేదలనే. యుద్ధం దీర్ఘకాలం సాగితే బావులు, పైపులైన్లు శాశ్వతంగా దెబ్బతింటాయి. కనుక సకాలంలో కొద్దిపాటి బలప్రయోగంతో యుద్ధాన్ని ముగించడం అందరికీ లాభం. ఇందులో మొదటి మూడు వాక్యాలు నిజమే. నాలుగవది కూడా చాలావరకు నిజమే. మీ పోరాటం చివరి వాక్యంలోని "కొద్దిపాటి" అన్న మాటతోను, "ముగించడం" అన్న మాటతోను మాత్రమే. ఇంత సన్నగా తేడాను గీయగలిగితే, వినేవారు మిమ్మల్ని నినాదాలు చేసేవారిగా కాక లెక్క చూసేవారిగా గుర్తిస్తారు.

యుద్ధం ఇంధనాన్ని తెచ్చిందా?

వాదనకు గుండెకాయ ఇదే కనుక ఎక్కువ సమయం దీనికే కేటాయించండి. చమురు అనేది కోటలో దాచిన బంగారం వంటిది కాదు. అది వినియోగదారుని చేరాలంటే బావి దగ్గర సిబ్బంది, పంపులకు విద్యుత్తు, వందల కిలోమీటర్ల గొట్టం, రేవులో నిల్వ ట్యాంకులు, ఓడకు బీమా, డబ్బు చేరడానికి అందరూ ఒప్పుకున్న ఒక బ్యాంకు ఖాతా ఉండాలి. ఈ గొలుసులో ఏ ఒక్క లంకెను ఎవరు తెంచినా మొత్తం ఆగిపోతుంది. అంతర్యుద్ధంలో చేతికి తుపాకి అందిన ప్రతి గుంపుకూ ఒక లంకె అందుబాటులో ఉంటుంది. ఈ సాంకేతిక వివరాన్ని శ్రోతలకు ఓపికగా చెప్పండి. ఉద్దేశాల గురించిన పది ఆరోపణలకన్నా ఇది బలంగా పనిచేస్తుంది.

తరువాత లిబియా లెక్కను ముందుంచండి. ఆఫ్రికాలోనే అత్యధిక చమురు నిల్వలున్న ఆ దేశం యుద్ధానికి ముందు రోజుకు సుమారు 16 లక్షల బ్యారెళ్లు ఉత్పత్తి చేసేది. 2011 వేసవిలో అది దాదాపు సున్నాకు పడిపోయింది. 2012లో సుమారు 14 లక్షలకు కోలుకున్నప్పుడు జోక్యాన్ని సమర్థించినవారు దానిని విజయంగా చూపారు. ప్రత్యర్థి ఇప్పటికీ ఆ సంవత్సరాన్నే ఉదాహరిస్తారు, సిద్ధంగా ఉండండి. కానీ 2013 మధ్యలో రేవులను కాపాడవలసిన సాయుధ దళమే తూర్పు తీరంలోని ఎస్ సిదర్, రాస్ లానూఫ్ ఎగుమతి రేవులను మూసివేసింది. ఆ ఏడాది చివరికి ఉత్పత్తి మళ్లీ కొద్ది లక్షలకు దిగజారింది. 2020 జనవరిలో తూర్పు లిబియా సేనాధిపతి హఫ్తర్ పక్షం రేవులను, పైపులైన్లను మూయించినప్పుడు రోజుకు సుమారు 12 లక్షల బ్యారెళ్ల నుంచి ఒక లక్ష దరిదాపులకు పడిపోయింది. ఈ మూసివేతలకు పెద్ద సైన్యం అక్కరలేకపోయింది. ఒక కవాటాన్ని తిప్పగలవారు చాలు. బాంబులు ఒక ప్రభుత్వాన్ని కూల్చగలిగాయి గాని, కవాటాన్ని ఎవరు తిప్పాలన్న ఒప్పందాన్ని కుదర్చలేకపోయాయి.

ఇరాక్‌ను వాడదలిస్తే జాగ్రత్త అవసరం. 2003లో అక్కడ జరిగినది అంతర్యుద్ధంలో జోక్యం కాదు, దండయాత్ర. అంతర్యుద్ధం దాని వెనుక వచ్చింది. ఈ తేడాను మీరే ముందు చెప్పి, ఆ తరువాత 2009 జూన్‌లో బాగ్దాద్‌లో జరిగిన చమురు క్షేత్రాల వేలాన్ని ప్రస్తావించండి. ఆనాడు ఖరారైన ఒకే ఒక్క ఒప్పందం రుమైలా క్షేత్రానిది. దానిని బ్రిటన్‌కు చెందిన బీపీ, చైనా ప్రభుత్వ సంస్థ సీఎన్‌పీసీ కలిసి బ్యారెల్‌కు 2 డాలర్ల రుసుముకు తీసుకున్నాయి. డిసెంబరులో జరిగిన రెండవ వేలంలో పశ్చిమ ఖుర్నా-2 క్షేత్రం రష్యా సంస్థ లూకాయిల్ నాయకత్వంలోని బృందానికి బ్యారెల్‌కు 1.15 డాలర్లకు దక్కింది. యుద్ధాన్ని వ్యతిరేకించిన దేశాల సంస్థలు యుద్ధం చేసిన దేశాల సంస్థల పక్కనే కూర్చుని అదే చమురును తీశాయి. రక్తం ధారపోసినవారికి ప్రత్యేకమైన వాటా దక్కలేదు.

అంగోలా కథ అంతగా ఎవరూ చెప్పరు. నా దృష్టిలో ఈ వాదనకు అంతకన్నా మంచి ఉదాహరణ లేదు. అక్కడ 1975లో మొదలైన అంతర్యుద్ధంలో ఎంపీఎల్‌ఏ ప్రభుత్వానికి సోవియట్ యూనియన్, క్యూబా అండగా నిలవగా, ప్రత్యర్థి యునిటాకు దక్షిణాఫ్రికా, అమెరికా సాయం చేశాయి. అదే సమయంలో కబిందాలోని చమురును అమెరికా సంస్థ గల్ఫ్ ఆయిల్ మొదట్లో కొద్ది నెలల విరామం మినహా తీస్తూనే ఉంది, ఆ ప్రభుత్వానికి డబ్బు కడుతూనే ఉంది, ఆ స్థావరాలకు క్యూబా సైనికులు కాపలా కాస్తూనే ఉన్నారు. 1985 మేలో దక్షిణాఫ్రికా కమాండోలు వాటిని పేల్చడానికి వచ్చి పట్టుబడ్డారు. అంటే అమెరికా సంస్థ ఆస్తిని అమెరికాకు శత్రువైన క్యూబా కాపాడుతుండగా, అమెరికా మిత్రపక్షం దానిని ధ్వంసం చేయడానికి ప్రయత్నించింది. ఎవరు గెలిచినా చమురును అమ్మక తప్పదని, అమ్మాలంటే కొనేవాడు కావాలని ఇంతకన్నా స్పష్టంగా చెప్పే దృష్టాంతం దొరకదు. "మన పక్షం గెలవకపోతే సరఫరా ఆగిపోతుంది" అన్న వాదం ఎదురైనప్పుడు దీనిని బయటికి తీయండి.

జోక్యం తెచ్చే కొత్త ముప్పు

సరఫరా మెరుగుపడకపోవడం ఒక్కటే కాదు, కొన్నిసార్లు జోక్యమే సరఫరాను గురిగా మారుస్తుంది. సౌదీ అరేబియా నాయకత్వంలోని కూటమి 2015 మార్చి 26న యెమెన్ అంతర్యుద్ధంలోకి దిగింది. 2019 సెప్టెంబరు 14న సౌదీలోని అబ్కైక్ చమురు శుద్ధి కేంద్రం మీద డ్రోన్లు, క్షిపణులతో జరిగిన దాడి వల్ల రోజుకు 57 లక్షల బ్యారెళ్ల ఉత్పత్తి ఆగిపోయింది. అది ఆ దేశపు ఉత్పత్తిలో సగం, ప్రపంచ సరఫరాలో దాదాపు 5 శాతం. దాడి తామే చేశామని, యెమెన్‌లో ఆ కూటమితో పోరాడుతున్న హౌతీ తిరుగుబాటుదారులు ప్రకటించారు. చేసింది ఇరాన్ అని సౌదీ, అమెరికా ఆరోపించాయి. మీరు ఈ వివాదంలో తీర్పు చెప్పనవసరం లేదు. పొరుగింటి యుద్ధంలోకి దిగిన దేశం తన అతి విలువైన ఇంధన కేంద్రాన్ని ఆ యుద్ధపు పరిధిలోకి తెచ్చుకున్నదన్న మేరకు చెబితే చాలు. కొద్ది వారాల్లోనే ఉత్పత్తిని పునరుద్ధరించారన్న సంగతిని దాచకండి, ప్రత్యర్థి ఎలాగూ చెబుతారు.

కార్యకారణ సంబంధాన్ని అతిగా సాగదీయాలన్న కోరిక ఇటువంటి చోట్లే పుడుతుంది. ఫ్రాన్స్ మాలీలో 2013 జనవరి 11న సైనిక చర్య మొదలుపెట్టింది. ఐదు రోజులకు అల్జీరియాలోని ఇన్ అమెనాస్ గ్యాస్ కర్మాగారం మీద సాయుధులు దాడి చేశారు. మాలీలో ఫ్రాన్స్ చర్య ఆగాలన్నది వారి కోరికల్లో ఒకటి. ఆ ఘటనలో సుమారు 40 మంది ఉద్యోగులు ప్రాణాలు కోల్పోయారు. ఫ్రాన్స్ చర్యే దాడికి కారణమని చెబితే, అంత పెద్ద దాడికి ఐదు రోజుల్లో సన్నాహం సాధ్యమా అని ఎవరైనా అడుగుతారు, ఆ ప్రశ్న సమంజసమైనదే. లిబియా పతనం తరువాత అక్కడి ఆయుధాలు, పోరాటయోధులు సహారా దాటి మాలీకి చేరడం, 2012లో అక్కడ తిరుగుబాటు చెలరేగడం, ఆ తిరుగుబాటును అణచడానికి మరొక జోక్యం రావడం అన్న పొడవైన వరుసను చూపడమే సురక్షితం.

ఉద్దేశాన్ని ఎంతవరకు వాడవచ్చు

ఉద్దేశాన్ని పూర్తిగా వదిలేయమని నేను చెప్పడం లేదు. దానికి రుజువుల క్రమశిక్షణ కావాలి. 1945–1999 మధ్య జరిగిన 69 అంతర్యుద్ధాలను పరిశీలించి 2015లో వెలువడిన ఒక పరిశోధన, చమురు నిల్వలు ఎక్కువగా ఉన్న దేశపు యుద్ధంలో బయటివారు జోక్యం చేసుకునే అవకాశం గణనీయంగా ఎక్కువని తేల్చింది. ఇది ధోరణిని చూపుతుంది. మీ ముందున్న ఒక్క నిర్ణయం ఎందుకు జరిగిందో చెప్పదు. దీనికి విరుద్ధంగా, సిరియా యుద్ధమంతా ఖతర్ నుంచి టర్కీకి వేయదలచిన ఒక గ్యాస్ పైపులైను కోసమేనన్న కథనం ఎంతగా ప్రచారంలో ఉన్నా, 2011లో వీధుల్లోకి వచ్చిన జనం కారణాలను అది పూర్తిగా పక్కకు నెట్టివేస్తుంది. దానిని మీ వాదనలోకి రానివ్వకండి. 2019 అక్టోబరులో, సిరియా ఈశాన్యంలోని చమురు క్షేత్రాల కోసం కొంత సైన్యాన్ని అక్కడే ఉంచుతున్నామని అమెరికా అధ్యక్షుడు ట్రంప్ బహిరంగంగానే ప్రకటించారు. బాధ్యుల నోటి నుంచే వచ్చిన మాట చేతిలో ఉండగా ఊహలతో పని ఏముంది?

ఉద్దేశాన్ని నేరుగా నిరూపించలేనప్పుడు సైనికులను ఎక్కడ నిలబెట్టారో చూడండి. 2003 ఏప్రిల్‌లో బాగ్దాద్‌లో జాతీయ మ్యూజియం లూటీ అవుతుండగా చమురు మంత్రిత్వ శాఖ భవనానికి మాత్రం అమెరికా సైన్యం కాపలా ఉంది. పౌరుల రక్షణ పేరుతో వచ్చిన ప్రతిపాదనలో దళాల మోహరింపు పటాన్ని అడిగి, జనం ఉన్న పట్టణాలకూ బావులున్న ఎడారికీ మధ్య ఆ దళాలు ఎలా పంపిణీ అయ్యాయో చూపిస్తే, ఉద్దేశం గురించి మీరు ఒక్క మాట అనకుండానే శ్రోతకు అర్థమవుతుంది.

చట్టం

చట్టపరమైన వాదన నిదానంగా, తక్కువ మాటల్లో సాగాలి. ఐక్యరాజ్యసమితి నియమావళి రెండవ అధికరణంలోని నాలుగవ ఖండం మరొక దేశం మీద బలప్రయోగాన్ని నిషేధిస్తుంది. ఆత్మరక్షణకు 51వ అధికరణం, సామూహిక చర్యకు ఏడవ అధ్యాయం మినహాయింపులు. ఇంధన కొరత వీటిలో ఎక్కడా లేదు. ఒక దేశంలోని తిరుగుబాటుదారులకు ఆయుధాలు, శిక్షణ ఇవ్వడం కూడా జోక్యం చేసుకోరాదన్న సూత్రానికి విరుద్ధమని 1986లో నికరాగువా–అమెరికా వ్యాజ్యంలో అంతర్జాతీయ న్యాయస్థానం చెప్పింది. సహజ వనరుల మీద ఆయా దేశాల ప్రజలకే శాశ్వత సార్వభౌమత్వం ఉన్నదని సర్వప్రతినిధి సభ 1962 డిసెంబరు 14న 1803వ తీర్మానంలో ప్రకటించింది.

వీటిని చదివి వినిపిస్తే చాలామంది ఆవులిస్తారు. "ఈ చట్టాలను ఎవరు అమలు చేశారు?" అన్న ప్రశ్నకు మాత్రం ఒక గట్టి జవాబు ఉంది. కాంగో యుద్ధంలోకి సైన్యాన్ని పంపిన ఉగాండా, చట్టవిరుద్ధంగా బలప్రయోగం చేసిందని, ఆ దేశపు వనరుల దోపిడీకి కూడా బాధ్యురాలని అంతర్జాతీయ న్యాయస్థానం 2005 డిసెంబరులో తీర్పు ఇచ్చింది. 2022 ఫిబ్రవరిలో 32.5 కోట్ల డాలర్ల పరిహారం విధించింది, అందులో 6 కోట్లు సహజ వనరులకు సంబంధించినవి. అక్కడి వనరులు బంగారం, వజ్రాలు, కలప వంటివి. నేలలో నుంచి తీసేది చమురైనా సూత్రం మారదు.

ఖర్చు లెక్క

ఖర్చు గురించి మాట్లాడేటప్పుడు మీ అంచనాను మీరు తయారుచేసుకోవద్దు. ప్రభుత్వం ఇచ్చిన అంచనాను తీసుకుని, గతంలో అటువంటి అంచనాలకు ఏ గతి పట్టిందో చూపండి. ఇరాక్ యుద్ధానికి 10,000 నుంచి 20,000 కోట్ల డాలర్ల వరకు కావచ్చునని 2002 సెప్టెంబరులో అమెరికా అధ్యక్షుని ఆర్థిక సలహాదారు లారెన్స్ లిండ్సే చెప్పినప్పుడు, అది చాలా ఎక్కువని ఆయన సహచరులే కొట్టిపారేశారు. ఆ దేశం తన పునర్నిర్మాణానికి తానే త్వరలో డబ్బు సమకూర్చుకోగలదని 2003 మార్చిలో రక్షణ ఉపమంత్రి పాల్ వుల్ఫోవిట్జ్ కాంగ్రెస్ ముందు చెప్పారు. 2011 నాటికి అమెరికా కాంగ్రెస్ ఆ యుద్ధానికి కేటాయించినది దాదాపు 80,000 కోట్ల డాలర్లు. సైనికుల జీవితకాల వైద్యం, అప్పు మీద వడ్డీ ఇందులో చేరలేదు. ఇంతకూ లెక్క వేయవలసినది బ్యారెల్‌కు ఎంత పడిందన్నది. కాపాడదలచిన సరఫరా విలువను, కాపాడడానికయ్యే ఖర్చును ఒకే కాగితం మీద పక్కపక్కన ఉంచమని ప్రభుత్వాన్ని అడగండి.

ప్రత్యామ్నాయం చూపకపోతే

"అయితే ఏం చేయమంటారు?" అన్న ప్రశ్నకు జవాబు లేని వాదన ఎంత గొప్పదైనా సగమే. అదృష్టవశాత్తు ఇక్కడ చెప్పడానికి చాలా ఉంది. లిబియా ఎగుమతులు ఆగినప్పుడు అంతర్జాతీయ ఇంధన సంస్థ 2011 జూన్ 23న సభ్యదేశాల వ్యూహాత్మక నిల్వల నుంచి 6 కోట్ల బ్యారెళ్లను విడుదల చేస్తున్నట్లు ప్రకటించింది. నిల్వలు ఉన్నది ఇటువంటి రోజులకోసమే. సాయుధ గుంపులు సొంతంగా చమురు అమ్ముకోకుండా 2014 మార్చిలో భద్రతా మండలి 2146వ తీర్మానం చేసింది. ఆ నెలలోనే తూర్పు లిబియా రేవులో అక్రమంగా నింపుకున్న మార్నింగ్ గ్లోరీ అనే ట్యాంకర్‌ను సైప్రస్ సమీపంలో అడ్డగించి వెనక్కి పంపారు. అందులో బలప్రయోగం లేకపోలేదు, పట్టుకున్నది అమెరికా నావికాదళ కమాండోలే. కానీ అది ఒక ఓడకు పరిమితమైనది, లిబియా ప్రభుత్వమే కోరినది. లిబియా చమురును జాతీయ చమురు సంస్థ ఒక్కటే అమ్మాలి, డబ్బు కేంద్ర బ్యాంకుకే చేరాలి అన్న నియమం మీద బయటి దేశాలు చాలాకాలం పట్టుబట్టడం, ఆ దేశం నిలువునా చీలిపోకుండా ఆపిన కారణాల్లో ఒకటని నేను భావిస్తాను.

2020లో మూసివేత ఎత్తివేసిన తీరును ప్రత్యేకంగా చెప్పండి. ఆ సెప్టెంబరులో ఆదాయ పంపిణీ మీద రెండు పక్షాల మధ్య అంగీకారం కుదిరింది, అక్టోబరు 23న జెనీవాలో కాల్పుల విరమణ సంతకమైంది, సంవత్సరం ముగిసేలోగా ఉత్పత్తి రోజుకు 12 లక్షల బ్యారెళ్లు దాటింది. ఎనిమిది నెలలు రాని చమురు మూడు నెలల్లో వచ్చింది, తెచ్చింది డబ్బు పంపకం మీద ఒడంబడిక. ఇక్కడ ప్రత్యర్థి ఊరుకోరు. టర్కీ రంగంలోకి దిగి హఫ్తర్ సేనను ట్రిపోలీ నుంచి వెనక్కి నెట్టకపోతే ఆయన చర్చలకు వచ్చేవారా అని అడుగుతారు. ఇది కఠినమైన ప్రశ్న. దానిని తేలికగా కొట్టివేయకండి. హఫ్తర్ వెనుక కూడా బయటి శక్తుల ఆయుధాలు, కిరాయి సైనికులు ఉన్నారని, మొదటి జోక్యాలే రెండవదాన్ని అవసరమైనట్లు చేశాయని చెప్పవచ్చు. అది సగం జవాబే, కానీ నిజమైన జవాబు.

చిక్కు సందర్భాలు

మొజాంబిక్ ఉదాహరణ మీకు ఎదురుగా వస్తుంది. కాబో డెల్గాడో ప్రాంతంలో 2017లో తిరుగుబాటు మొదలైంది. 2021 మార్చిలో పాల్మా పట్టణం మీద దాడి జరగడంతో, సుమారు 2,000 కోట్ల డాలర్ల గ్యాస్ ప్రాజెక్టును టోటాల్ సంస్థ నిలిపివేసింది. జూలైలో ప్రభుత్వ ఆహ్వానం మీద రువాండా సుమారు వెయ్యి మంది సైనికులను, పోలీసులను పంపింది. ఆగస్టులోనే మొసింబోవా ద ప్రయా రేవు పట్టణం తిరిగి ప్రభుత్వం చేతికి వచ్చింది. ఇది విజయం కాదని అనడం మొండితనం అవుతుంది. ప్రభుత్వ సమ్మతి, చిన్న భూభాగం, స్పష్టమైన లక్ష్యం ఉన్నచోట బలం కొంత సాధించగలదని ఒప్పుకుని, మీ ముందున్న ప్రతిపాదనలో ఈ మూడూ ఉన్నాయా అని అడగండి. ఆ తరువాతి సంవత్సరాల్లో కూడా దాడులు ఆగలేదన్నది చేర్చండి. "జోక్యం ఎప్పుడూ విఫలమే" అన్న వాక్యాన్ని మాత్రం మీ రచనలో ఎక్కడ ఉన్నా కొట్టివేయండి.

ఇంతకన్నా కష్టమైనది ఊచకోత ప్రశ్న. చర్చ మధ్యలో ఇంధనం మాయమై పౌరుల ప్రాణాలు ముందుకు వస్తాయి. దానిని నటనగా కొట్టిపారేయడం తప్పు, ఎందుకంటే ముప్పు నిజమైనదే కావచ్చు. ముప్పుకు ఆధారాలేమిటో అడగండి. 2011లో లిబియాలోని బెంఘాజీ నగరం విషయంలో ఆ ముప్పును అతిగా చెప్పారని, ఆ సంగతిని తమ ప్రభుత్వం గుర్తించలేకపోయిందని, పరిమిత చర్య ప్రభుత్వ మార్పిడిగా జారిపోయిందని బ్రిటన్ కామన్స్ సభ విదేశీ వ్యవహారాల కమిటీ 2016 సెప్టెంబరులో నివేదిక ఇచ్చింది. జోక్యాన్ని సమర్థించిన దేశపు చట్టసభే ఇచ్చిన నివేదిక కనుక దీనికి బరువు ఎక్కువ.

ఎవరితో, ఎప్పుడు

చట్టసభ్యులందరినీ ఒకే కారణంతో ఒప్పించాలని చూడకండి. 2013 ఆగస్టు 29న సిరియా మీద సైనిక చర్యకు దారితీసే ప్రభుత్వ తీర్మానాన్ని బ్రిటన్ కామన్స్ సభ 285–272 ఓట్లతో తిరస్కరించినప్పుడు, వ్యతిరేకించినవారిలో యుద్ధాన్నే ఒప్పుకోనివారు, ఇరాక్ అనుభవంతో గూఢచారి నివేదికలను నమ్మనివారు, లక్ష్యం స్పష్టంగా లేదన్నవారు, ప్రభుత్వ పక్షానికి చెందినవారు కూడా ఉన్నారు. ఖర్చు మాట ఒకరికి, చట్టం మాట ఒకరికి, సైనికుల ప్రాణాల మాట మరొకరికి తాకుతుంది. లేఖ రాస్తే ఒక్కొక్కరికి ఒక్కొక్క విధంగా రాయండి.

సమయం గురించి అమెరికా ప్రతినిధుల సభ 2011 జూన్ 24న వేసిన రెండు ఓట్లను చూడండి. లిబియా చర్యకు అనుమతి ఇవ్వడాన్ని సభ 295–123తో తిరస్కరించింది. అదే రోజు ఆ చర్యకు నిధులను కుదించే బిల్లును కూడా 238–180తో తిరస్కరించింది. విమానాలు ఎగరడం మొదలై మూడు నెలలైంది. 1973 నాటి యుద్ధాధికారాల చట్టం విధించిన 60 రోజుల గడువు మేలోనే దాటిపోయింది. ఇది ఆ చట్టం చెప్పిన అర్థంలో "సాయుధ పోరు" కాదని ప్రభుత్వం వాదించింది. ఒకసారి సైనికులు బయలుదేరాక వారికి నిధులు ఆపే ఓటు వేయడానికి చాలామందికి చేతులు రావు. అందువల్ల మీ లేఖ మొదటి విమానం లేవకముందే చేరాలి. అందులో అడిగేది "యుద్ధం వద్దు" అన్నంత విశాలంగా కాక, అనుమతి ఓటు జరగనిదే మోహరింపు ఉండరాదు, గడువు తేదీ లేని అనుమతి ఇవ్వరాదు అన్నంత నిర్దిష్టంగా ఉండాలి. అప్పటికే సైన్యం వెళ్లిపోయి ఉంటే, ప్రతి పొడిగింపుకూ ముందు ఆ నెలలో ఎన్ని బ్యారెళ్లు రేవు దాటాయో, వెళ్లకముందు ఎన్ని దాటేవో సభ ముందు ఉంచమని అడగండి.